ఉండటానికి పనికొచ్చే ఇల్లు

ఇళ్ళ తనిఖీ ఆఫీసు. బల్లకి ఇటు ఇంజనీరమ్మ, అటు ఆవిడ బాబాయి.

"ఆ సర్టిఫికెట్ ఇచ్చెయ్ తల్లీ. అద్దెకొచ్చేవాళ్ళు రేపే దిగుతామంటున్నారు."

"ఇస్తాను బాబాయ్. అందులో ఏ మాట కావాలో చెప్పండి."

"అదే... హాబిటబుల్."

"అంటే?"

"ఇంజనీరువి నువ్వు. నన్నడుగుతావేంటి?"

"మీ నోటితో వినాలని."

"మనుషులు ఉండటానికి పనికొచ్చేది అని."

"ఏదీ, ఓసారి వాడి చూపించండి."

"ఇదేం పరీక్షే... మా ఇల్లు హాబిటబుల్. చాలా?"

"నాన్న పోయిన నెలకి ఇదే మాటకి ముందు 'అన్' తగిలించి వాడారుగా. ఆ ఇంటి హాల్లోనే, అందరి ముందు. వదినా, ఈ ఇల్లు అన్‌హాబిటబుల్, ఖాళీ చెయ్ అని."

"అప్పుడు గోడలు బీటలు వారాయి కదమ్మా..."

"ఒక్క గోడ. వంటింటిది. అమ్మకి ఆ మాటే అర్థం కాలేదు. ఇంటికేదో రోగం తగులుకుందనుకుంది పిచ్చిది. పక్కింటావిణ్ణి అడిగింది, పాలవాణ్ణి అడిగింది. నేను డిక్షనరీ వెతికి చెప్పేసరికి మా సామాన్లు గేటు బయట ఉన్నాయి."

"పాత సంగతులు ఇప్పుడెందుకు..."

"మీకు పాతవి. పన్నెండేళ్ళు కిటికీ లేని గదిలో ఉన్నాం మేము. మీమీద కోపం తగ్గలేదు బాబాయ్. నేనే తగ్గనివ్వలేదు."

"అంటే కక్ష తీర్చుకుంటావన్నమాట. నా సర్టిఫికెట్ ఆపేస్తావు."

"ఆపడమెందుకు? గోడ కట్టించారు, కప్పు మార్చారు, పైపులన్నీ కొత్తవి. చుట్టరికం ఉందని మా పై ఆఫీసరుని కూడా తీసుకెళ్ళి చూపించాను. హాబిటబుల్ అని రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇదిగో."

"బంగారు తల్లివి. అచ్చం అన్నయ్య మనసే నీది."

"ఇది కూడా చూడండి."

"ఏంటిది?"

"అప్పుడు పెద్దమనుషులు నిలదీస్తే, వాళ్ళ నోరు మూయించడానికి మీరు రాసిచ్చిన కాగితం."

"అది... అది ఇంకా ఉందా?"

"అమ్మ పెట్టె అడుగున ఉంది. చదవండి."

"కళ్ళజోడు తేలేదే..."

"నేను చదువుతాలెండి. 'ఈ ఇల్లు మళ్ళీ ఉండటానికి పనికొచ్చిన రోజున, అన్నయ్య ఇంటిని మా వదినకి తిరిగి అప్పగిస్తాను.' కింద సంతకం మీదే."

"అమ్మాయీ, ఒక్కసారి నా మాట..."

"ఆ రోజు ఇవాళే బాబాయ్. అమ్మ కింద ఆటోలో కూర్చుంది. తాళంచెవులు ఇలా ఇవ్వండి."