నా కంచంలో చెయ్యి

బాల్కనీలో, తలుపు దగ్గరగా వేసుకుని ఆయన నిలబడి అన్నం తింటున్నాడు. లోపల మంచం మీద నుంచి భార్య పిలిచింది.

“ఏమండీ, దొంగతిండిలా అక్కడెందుకు తినడం?”

“కీమో మొదలైనప్పట్నుంచీ నీకు కూర వాసన పడట్లేదుగా.”

“చల్లారాక అంత వాసన రాదులెండి. ఇలా వచ్చి కూర్చోండి.”

“సరే, నీకూ ఓ కంచంలో పెట్టి తెస్తాను.”

“వద్దు బాబూ! కంచం నా ముందు పెడితే చాలు, పరీక్షకి కూర్చున్నట్టుంటోంది. మీరు తింటుంటే చూస్తాను.”

“నీకెప్పుడూ ఇంతే. హోటల్‌కెళ్తే నాకేం వద్దనేదానివి. తీరా నాది రాగానే సగం లాగించేసేదానివి. ఎంత ఒళ్లు మండేదో!”

“కసిరేవారు కూడా. ఇప్పుడు పల్లెత్తు మాటనరు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నారు నన్ను.”

ఆయన కంచం తెచ్చుకుని మంచం అంచున కూర్చుని, ఆమె వైపు చూడకుండా తినసాగాడు. కాసేపటికి సన్నబడిన వేళ్లు మెల్లగా కంచం దాకా వచ్చి ఆగాయి.

“ఏయ్! నా కంచంలో చెయ్యి పెట్టావంటే ఊరుకోను. ఒక్క మెతుకు కూడా ఇచ్చేది లేదు!” అని కసురుతూ, ఆయన కంచాన్ని ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.