మూగ గాజులు

రాఖీ కట్టించుకున్న తమ్ముడు అక్క ఒళ్లో గాజుల డబ్బా పెట్టి, ఈసారైనా మెచ్చుకుంటుందని ఆశగా చూశాడు. ఆమె మూతి ముడుచుకుంది.

“ప్లాస్టిక్‌వి తెచ్చినవేందిరా?”

“నీ చెయ్యి పట్టుతప్పి గోడకు తాకుతది. గాజువైతే పలిగి కోసుకుంటయని బేగంబజార్ అంత తిరిగి తెచ్చిన.”

“పోయినేడు చేతికర్ర తెచ్చినవు. జబ్బుకే తెస్తవు, నాకేం తేవు.”

“మల్టిపుల్ స్క్లెరోసిస్‌ అనే ఈ నరాల జబ్బును పూర్తిగ తగ్గించే మందే లేదన్నడు డాక్టరు. నేనింకేం తేవాలె? ఏం తెచ్చినా లొల్లే!”

“మొద్దుబారిన చెయ్యి ఏడున్నదో నాకే తెలుస్తలేదు తమ్మీ. గాజులు గలగలమంటెనే తెలుస్తది. ఇవి మూగవి.”

అతనికి ఇంకా కోపం తగ్గలేదు. అయినా డబ్బా మూసి, చెప్పులు వేసుకున్నాడు.

“లాడ్‌బజార్ పోయి గాజువే తెస్త. ఎర్రవా, పచ్చవా?”

“ఏవైనా సరే. మస్తు సప్పుడు చెయ్యాలె.”