డజను గులాబీలు

నోవై ఊళ్లో మంచు పడుతోంది. రష్యా నుంచి వచ్చిన లెక్కల ప్రొఫెసర్ గ్రినెవిచ్ గారి రిటైర్‌మెంట్ పార్టీ నుంచి కూతుర్ని ఎక్కించుకుని తల్లి కారు కదిలించింది.

"గులాబీలు నచ్చాయా మీ సార్‌కి?"

"ఎన్ని కొన్నావ్ అమ్మా?"

"డజను. స్టోర్‌లో అలాగే కట్టి ఇస్తారు. తక్కువయ్యాయా?"

"రష్యన్స్ ఈవెన్ నంబర్‌లో పువ్వులు చనిపోయినవాళ్లకే ఇస్తారట. లెక్కల మనిషి కదా, చూడగానే కౌంట్ చేసేశారు."

"అయ్యో! లెనిన్‌గ్రాడ్‌లో పాఠం చెప్పనివ్వకపోతే ఒక్క సూట్‌కేస్‌తో ఈ దేశం వచ్చి, ఇంత పేరు తెచ్చుకున్నాయన. అంతటివాడికి నా చేత్తో ఇలాంటివా పంపాను! ఒకటి తీసెయ్యలేకపోయావుటే?"

"తీయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపేశారు. 'ఉండనీ, మీ అమ్మ లెక్క కరెక్టే' అని నవ్వారు."



"నేనసలు లెక్కే పెట్టలేదే!"

"అదే చెప్పాను. నమ్మలేదమ్మా. దగ్గరికి వంగి మెల్లగా అడిగారు. 'డాక్టర్ నాకు ఇవాళ పొద్దున్నే చెప్పాడు. మా ఆవిడకి కూడా నేనింకా చెప్పలేదు. మీ అమ్మకి ఎలా తెలిసింది?' అని."