విత్‌డ్రా

వనపర్తిలో కాలేజీ ఆఫీసు మెట్ల మీద కూర్చొని నవనీత ఫారం నింపుతోంది. పక్కనే ఆయాసపడుతూ కూర్చున్న తండ్రి జేబులోంచి బ్యాంకు పాసుబుక్కు తీశాడు.

"గిదెందుకు తెచ్చినవ్ నాయినా?"

"సెమిస్టర్ విత్‌డ్రా జేస్తున్న అంటివి గదా. కట్టిన ఫీజు ఇండ్ల ఏస్తరేమోనని."

"బ్యాంకుల విత్‌డ్రా అంటె పైసలొస్తయి. ఈడ పోతయి. తారీఖు దాటిందంట, రూపాయి గూడ వాపస్ ఇయ్యరు. వచ్చే ఏడు మల్ల మొత్తం కట్టాలె."

"మరెందుకు జేస్తున్నవ్ బిడ్డా?"

"వారానికి మూడుసార్లు నిన్ను డయాలసిస్‌కు ఎవలు తోల్కపోతరు?"

ఆయన పాసుబుక్కు మూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"కారణం కాడ నా రోగం రాయలే గదా?"

"రాయలే నాయినా," అంటూ ఆమె రాసిన గడి మీద అరచెయ్యి కప్పింది.