పగిలాక మోగిన గ్లాసు

కంప్యూటరు తెర మీద ఒక ఆట కోసం కట్టిన వంటగది. ఆ వంటగదికి చప్పుళ్లు పెట్టే బావ కుర్చీలో కూర్చున్నాడు. అందులో సామాన్లు పడేసే ప్రోగ్రాం రాసిన మరదలు అతని వెనక నిలబడింది.

"...మళ్లీ చూడు బావా. చెంచా కిందపడి, రెండు దొర్లు దొర్లి, హాయిగా పడుకున్నాక అప్పుడు ఠంగుమంటోంది."

"ఏంటి?"

"చెంచా!"

"ఇటు ముందుకొచ్చి ఏడువే. వెనక నిలబడి సణిగితే నాకేం తెలుస్తుంది?"

"వచ్చా. చెంచా ఆలస్యంగా మోగుతోంది మహానుభావా."

"నీ చెంచాయే తొందరపడి పడుతోందేమో. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా చప్పుళ్ల మీద పడతావేం?"

"నా లెక్క శుభ్రంగా ఉంది. వస్తువు నేలకి తగిలిన క్షణాన మోగమని చెప్తా. మోగడం నీ ఫైలు పని. నీ ఫైలు మొదట్లో చప్పుడు లేని ఖాళీ బోలెడు వదిలేశావ్, అది కొయ్యలేదు."

"నేనా? బీరువా పడెయ్."

"ఇదిగో."

"చూశావా! తగలడం, దబ్బుమనడం ఒక్కసారే. సిలిండరు పడెయ్."

"అదీ బాగానే ఉంది. అదే నాకు అంతు చిక్కట్లేదు. బీరువా, సిలిండరు, బస్తా... వెంట్రుకవాసి తేడా లేదు. చెంచా, గాజుగ్లాసు, తాళంచెవులు మాత్రం..."

"వాటిది కొంటెబుద్ధి. నీలాగే."

"మధ్యాహ్నం ఆట కొనేవాళ్లొస్తున్నారు బావా! గ్లాసు ముక్కలై చల్లారాక గలగలమంటే పగలబడి నవ్వి పోతారు. ఆ తర్వాత బాసు ముందుగా ఇంటికి పంపేది నిన్నే. పొద్దున నాతో అనేశాడు కూడా."

"పంపనీ. ఈ మధ్య ఇల్లే బాగుంది. మీ అక్క పెళ్లయిన కొత్తలోలా అయిపోయింది తెలుసా? వంటింట్లోంచి గావుకేకలు బంద్. ఏం చెప్పాలన్నా దగ్గరికొచ్చి, భుజం తట్టి, కళ్లలోకి చూస్తూ మరీ చెప్తోంది. ఇన్నేళ్లకి నా అందం కనపడినట్టుంది."

"నీ సరసాలు తర్వాత. స్పీకరు మీద ఆ చెయ్యేంటి?"

"అలవాటు."

"ఎప్పట్నుంచి?"

"ఏదో, ఎప్పట్నుంచో. స్పీకరు మీ తాతగారిదా?"

"తియ్యి."

"తియ్యను."

"సరే, ఉంచుకో. ఇప్పుడు గ్లాసు సరిచేశా, తెర చూడు... చూశావుగా, ఇక ఇటు తిరుగు. ఎలా ఉంది?"

"ఆహా! తగిలీ తగలగానే మోగింది. అంతా నా చేతి చలవ."

"కచ్చితంగా?"

"నా చెవుల మీద ఒట్టు."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. గ్లాసుకి నేను చప్పుడే తీసేశా."

"జలుబే. చెవి కాస్త దిబ్బడేసింది."

"ఎన్నాళ్ల జలుబు?"

"వానాకాలం నుంచి. బరువైనవి చేతికి తెలుస్తాయే. దబ్బుమంటే అరచెయ్యి అదురుతుంది, దాన్నిబట్టి కోసేస్తా. చెంచాకి, గ్లాసుకి చెయ్యి అదరదు. వాటికి గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో పెట్టేశా. మాటలంటావా, ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టేస్తా."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? చప్పుళ్లు చేసేవాడికి చెవుడని చెప్పనా? ఎవడిస్తాడు పని? ఈ పని తప్ప నాకింకోటి రాదు. భయమేసిందే. నిజంగా భయమేసింది."

"ఛ, కళ్లు తుడుచుకో, ఎవరైనా చూస్తే నేనే కొట్టాననుకుంటారు. బరువైనవి నీ చేతికి వదిలేస్తా, తేలికైనవి నా చెవులకి వదిలెయ్. మధ్యాహ్నానికి అయిపోతాయి. ఆ తర్వాత నోరు మూసుకుని నాతో డాక్టరు దగ్గరికి రా."

"వస్తా. బాసుకి?"

"డాక్టరు ఏమంటాడో విని, ఇద్దరం కలిసి చెబుదాం."

"సరే. నీకు దణ్ణం పెడతా, మీ అక్కకి మాత్రం తెలియనివ్వకే. ఇన్నాళ్లకి నా మీద ప్రేమ పుట్టింది, పాడుచెయ్యకు."

"పిచ్చి బావా, అక్క వంటింట్లోంచి కేకలెయ్యడం ఎందుకు మానేసిందనుకున్నావ్?"