మిషన్ చెప్పిన అరవై నాలుగు

వాగు ఎంత పెరుగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం పొద్దుటి నుంచి ఇరుక్కుపోయింది. ఆ లెక్క చూసి ఊళ్ళకు మెసేజ్ పంపే నీరజ భూపాలపల్లి నుంచి ఫోన్‌లో మాట్లాడుతోంది. ఆ ప్రోగ్రాం రాసిన హరీశ్ మహబూబాబాద్‌లో తన గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

“చూస్తున్ననక్కా, జర ఆగు.”

“పొద్దటిసంది చూస్తున్ననే అంటున్నవు. టేకుమట్ల వాగు సంగతి ఇంకా రాలే. ఇంతకుముందటి జనగామ మిషన్ల ఎన్నడన్న గిట్లయిందా?”

“గా మిషన్‌ను నడిపేది వేరే తీరు యూనిక్స్. ఇప్పుడు కిరాయికి తీసుకున్నది లైనక్స్. రెండింట్ల నడవాలెనని రాసిన. ప్రోగ్రాం ముందుగాల మిషన్‌ను అడుగుతది, నీ తాన లెక్కలు చేసే ప్రాసెసర్లు ఎన్ని అని. ఒక్కోదాన్ని ఒక్కో తీరు అడగాలె. అదెన్ని అంటే పనిని అన్ని ముక్కలు చేస్తది.”

“మరి అడిగిందా?”

“అడిగింది.”

“ఏమన్నది?”

“చెప్పింది.”

“హరీశ్, ఎన్ని అన్నది?”

“అరవై నాలుగు.”

“మనం తీసుకున్నయి రెండే గదా.”

“మిషన్ల ఉన్నయి మాత్రం అరవై నాలుగే. అబద్ధం చెప్పలే.”

“మిగిలినయి వేరేటోళ్ళయి. ఉన్నయెన్ని అని అడిగినవు. మాకిచ్చేటియెన్ని అని అడగలే.”

“జనగామ మిషన్ మొత్తం మనదే ఉండె. గా ముచ్చట అక్కెర పడలే.”

“ఇప్పుడు గన్ని ముక్కలు రెండింటి మీద పడి ఒక్కటి గూడ తెగుతలేదు.”

“ఔనక్కా.”

“అయితే రెండు అని చేత్తోని రాసెయ్.”

“అట్ల రాస్తే రేపు ఇంకో మిషన్ మీద పెట్టినప్పుడు...”

“రేపటిది రేపు. వాగొడ్డుకు గుడిసెలేసుకొని ఉన్నరు, నాట్లకు వచ్చినోళ్ళు. మీ బయ్యారం దిక్కు తండావోళ్ళేనట.”

“తెలుసు.”

“తెలిసి గూడ...”

“తెలుసక్కా. మా అమ్మ గా గుడిసెలల్లనే ఉన్నది.”

“పొద్దున ఎందుకు చెప్పలే?”

“చెప్తే ఏడుపొస్తది. ఏడుస్తే పని కాదు. రాసిన, రెండు అని. మళ్ళ నడుస్తున్నది.”

“అమ్మకు ఫోన్ చేసినవా?”

“ఆమె తాన ఫోన్ లేదిప్పుడు. గుంపుల ఎవలకన్న ఉంటది గదా, మెసేజ్ పోతది. అక్కా, నువ్వు బండి మీద పోరాదు?”

“ఎట్ల పోను? పొద్దున్నే రోడ్డు తెగింది. వాళ్ళను కూలికి తెచ్చిన మేస్త్రీ వేరే ఊర్ల ఉన్నడు, ఫోన్ కలుస్తలేదు. సర్పంచ్‌ది గూడ కలుస్తలేదు. మెసేజ్ ఒక్కటే దారి. ఏమాయె?”

“సగమైంది. భయమైతుందక్కా.”

“నాకు గూడ. తెర మీదికెల్లి కన్ను తియ్యకు.”

“వచ్చింది. వచ్చిందక్కా. పొద్దు గూకకముందే నీళ్ళు గుడిసెల మీదికొస్తయి. ఇంకా టైమున్నది. జల్ది పంపు.”

“పంపుతున్న. ఊర్లకు పోయింది. గుడిసెలకు మేస్త్రీ ఒక్కటే నంబర్ ఇచ్చిండు, ఆడోళ్ళల్ల ఎవలదో. పోయింది. చేరిందని గూడ చూపెడుతున్నది. ఇగ ఊపిరి తీసుకో తమ్మీ, లేచి గుట్ట మీదికి పోతరు... హరీశ్? విన్నవా? చేరింది అంటున్న.”

“చేరిందక్కా. నిన్న బాగు చేపిచ్చి తెచ్చిన మా అమ్మ ఫోన్, నా సంచిల మోగింది.”