పోయిన తారీఖు

కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో కొండల్ ఇంటర్నెట్ సెంటర్. సాయంత్రం నాలుగుంబావు. కంప్యూటర్ ముందు కొండల్, అతని పక్కన నవీన, వెనక బెంచీ మీద ఆమె తల్లి గంగామణి.

"...అభ్యర్థి పేరు, నవీన. చదువు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పోయే దేశం, జర్మనీ. కోర్సు, రెండేండ్లు. చెల్లె, పేరు ఆధార్‌ల ఉన్నట్టే ఉన్నదా?"

"ఉన్నట్టే ఉన్నదన్నా. జర లోపల చదువుకో. బయటికి ఎందుకు?"

"నాకు గదే అలవాటు. ఒక్కసారి చప్పుడు చెయ్యక కొట్టిన, మంచిగున్న పిలగాణ్ని ఆడపిల్లను చేసిన. వాళ్ల నాయిన కట్టె పట్టుకొని వచ్చిండు. అప్పటిసంది చదువుకుంటనే కొడుత."

"చదవనియ్యి బిడ్డా. నాకు ఇంగిలీషు రాకున్నా చెవులున్నయి గదా. కొడుకా, గా దేశం పేరు ఇంకోసారి చదువు."

"జర్మనీ, చిన్నమ్మా."

"జర్మనీ. మన ఇంట్ల జర్మన్ గిన్నె ఉన్నది చూడు, అన్నం వండేది. గక్కడికెళ్లే వచ్చిందా?"

"అవ్వా!"

"జోక్ ఏస్తే నవ్వవేందే? పొద్దుగాల ఫస్టు బస్సుకు భైంసాల ఎక్కి వచ్చిన. వచ్చినకాంచి నీ పండ్లు కనవడలే."

"ఐదింటికి బంద్ అయితది అవ్వా. ఇయ్యాల్నే ఆఖరు తారీఖు. అక్కడి యూనివర్సిటీల సీటొచ్చింది సరే, గీ సర్కారు స్కాలర్‌షిప్పు రాకుంటే పోవుడే లేదు. భయం కాదా?"

"అయితది. మీ బాపు మొదటిసారి దుబాయి పోయిననాడు విమానం ఎక్కకముందే వాంతులు చేసుకున్నడు. తర్వాత పదమూడేండ్లు బస్సెక్కినట్టే ఎక్కిండు. అలవాటైతది."

"ఊఁ."

"ఇగో, మన పక్కింటి లతీఫున్నీసా నీకు ఖజూర్ పంపింది. వాళ్లాయన ఖయ్యూం దుబాయికెళ్లి పంపిండట మొన్న. పాపం, బస్సు దాంక వచ్చి సాగనంపింది నన్ను. ఒక్కటన్నా నోట్లె ఏసుకో."

"తర్వాత తింట."

"చెల్లె, గీ పేజీ అయింది. ఇగ తల్లిదండ్రులు. ఇద్దరి సంతకాలు కావాలె. చిన్నమ్మా, నీకు సంతకం వస్తదా, వేలిముద్రనా?"

"వేలిముద్ర ఏంది? మహిళా సంఘంల నేర్చుకున్న. గంగామణి అని నాలుగక్షరాలు గీకుత. అందుకే గదా ఇంత దూరం రమ్మన్నది."

"మరి కాకది ఎట్ల? కాక దుబాయిలనే..."

"కొడుకా, చాయ్ తాగుతవా? ఇది పొద్దుగాలసంది ఏం ముట్టలే. మిర్చీలు కట్టించుకొస్త."

"పో అవ్వా. బస్టాండు లోపటికెళ్లి తే, అక్కడ మంచిగుంటయి. నిమ్మళంగ రా."

"ఎల్లగొడుతున్నవా నన్ను?"

"లేదవ్వా. నిజంగనే ఆకలైతుంది."

"చూసినవా కొడుకా, ఖజూర్ ఇస్తే కాలే, ఇప్పుడు ఆకలైతుందట. వస్త, మీరు కానియ్యుండ్రి."

"...అన్నా, జర తలుపుకెళ్లి చూడు. గల్లీ మలిగిందా?"

"మలిగింది. ఏంది చెల్లె, అవ్వను గట్ల తోలినవు?"

"బాపు సంతకం గురించి ఆమె ముందట అడగకు."

"అడగకుంటే ఎట్ల? తెల్లకాగితం మీద పెట్టి ఫోటో పంపుమను. వాట్సాప్‌ల ఐదు నిమిషాల పని."

"బాపు పోయిండు."

"ఎరుకే. దుబాయి పోయిండనే గదా, వాట్సాప్ అంటున్న."

"గట్ల పోవుడు కాదన్నా."

"అంటే... కాక ఇగ లేడా?"

"సోమారం ఖయ్యూం చిచ్చా ఫోన్ చేసిండు. బాపు, ఆయన ఒక్క రూముల్నే ఉంటరు. డ్యూటీకి లేపితే లేవలేదట. అంతే విన్న. ఫోన్ కట్ చేసిన. మళ్ల చెయ్యలే."

"అయ్యో. మరి చిన్నమ్మకు..."

"తెల్వది. తర్వాత చిచ్చా మెసేజ్ పెట్టిండు, పెట్టె వచ్చేటాళ్లకు ఇంకా పది దినాలు పడుతదట. అప్పటిదాంక అవ్వకు చెప్పద్దన్నడు చిచ్చా. ఆమెకు బీపీ ఉన్నది. హాస్టల్‌ల తలుపేసుకొని మూడు దినాలున్న. ఆమె ఫోన్ చేస్తే దగ్గు అని చెప్పిన."

"అయితే ఫారం?"

"తండ్రి పేరు ముందట లేట్ అని పెడితే ఆయన సంతకం అడగదు. తల్లి సంతకం ఒక్కటే చాలు. రూల్స్ పొద్దుగాల రెండుసార్లు చదివిన. మరణ పత్రం నెలలోపట పెట్టచ్చట."

"తప్పనుకోకు చెల్లె. చెప్పి సంతకం తీసుకుంటే మంచిది గదా?"

"చెప్తే పెడుతదా? ఒక్క మనిషి సముద్రం దాటి పోయి పెట్టెల వస్తుండు. ఇంకొకరిని దాటనిస్తదా అన్నా? ఆమె వద్దంటే నేను కాదనలేను. నాకు కూడా భయమే. పోవాలన్నా భయమైతుంది, పోకున్నా భయమైతుంది. బాపు ఆఖరుసారి మాట్లాడినప్పుడు ఒక్కటే అడిగిండు, ఫారం నింపినవా బిడ్డా అని. నింపిన అన్న. నింపలే. అబద్ధం చెప్పిన."

"ఇగో, నింపుతనే ఉన్నం గదా. కండ్లు తుడుచుకో. చిన్నమ్మ పచ్చగాజుల చప్పుడు వినవడుతుంది, వస్తుంది."

"లేట్ అని కొట్టు. కొట్టి చదవకు. నీ కాళ్లు మొక్కుత."

"చదవ. నోరు కుట్టుకుంట."

"ఇగో మిర్చీలు. కాగితం కాలుతుంది, పట్టు బిడ్డా. ఏమైంది కండ్లకు?"

"స్క్రీన్ చూసీ చూసీ. అవ్వా, గిన్ని గాజులేందే? మోచేతిదాంక ఏసినవు."

"మొన్న భైంసా అంగట్ల కొన్న. బిడ్డ దేశం పోయే పనికి బోడ చేతులతోని రావన్నా? ఏం కొడుకా, మంచిగ లేవా?"

"మంచిగున్నయి చిన్నమ్మా. మస్తున్నయి. ఇగ... తండ్రి పేరు, లేట్ పరశు..."

"అన్నా!"

"లేటా? లేటేంది? ఇంకా అద్దగంట ఉన్నది గదా?"

"సర్వర్, చిన్నమ్మా. సర్వర్ లేటు."

"మీ కాకను అన్నట్టు వినవడ్డది నాకు. అన్నా తప్పేం లేదు. ఆయన ఎప్పటికీ లేటే. పెండ్లికి మూర్తం దాటినంక వచ్చిండు, లారీ టైరు పగిలిందని. ఇది పుడితే తొట్టెలేసుడు అయినంక వచ్చిండు, సెలవు దొరకలేదని. రాయి, లేట్ అనే రాయి. ఉన్నదే గదా."

"అవ్వా, మిర్చి సల్లారుతుంది. తిను."

"నువ్వు తిను ముందుగాల. చేతుల వట్టుకొని కూసున్నవు."

"చెల్లె, ఇటు చూడు. గిది నింపకుంటే ముందటి పేజీకి పోతలేదు."

"ఏం అడుగుతుంది?"

"తారీఖు."

"ఏ తారీఖు?"

"గా తారీఖు, చెల్లె. లేట్ అని కొట్టినం గదా. ఎన్నడని అడుగుతుంది."

"అన్నా... నేను అడగలే. సోమారం ఫోన్ వచ్చిందంతే. ఎన్నడైందో..."

"ఏం గుసగుసలు మీవి?"

"సర్వర్ గురించే చిన్నమ్మా."

"చెవుల మాట్లాడితే నడుస్తదా సర్వరు? గట్టిగ తిట్టుండ్రి."

"ఆగన్నా, చిచ్చాకు చేస్త. రింగైతుంది... ఎత్తుతలేడు. ఎత్తుతలేడన్నా."

"ఖయ్యూంకు ఎందుకే ఇప్పుడు?"

"బాపు... బాపు పాస్‌పోర్టు నంబరు కావాలె అవ్వా. నువ్వు కూసో. లేవకు."

"ఫోన్ నాకియ్యి."

"వద్దు! ...వద్దవ్వా. నేనే చేస్త. మళ్ల రింగైతుంది. డ్యూటీల ఉన్నడు కావచ్చు."

"చెల్లె, పన్నెండు నిమిషాలే ఉన్నది."

"ఏదో ఒకటి కొట్టన్నా. సోమారం తారీఖు కొట్టు."

"రేపు పత్రంల ఇంకోటి ఉంటే? అబద్ధం రాసిండ్రని ఫారమే తీసేస్తరు. మళ్ల ఎన్నడు పెట్టనియ్యరు. నేను చూసిన అట్ల."

"మరి ఏం చెయ్యాలె? చెప్పన్నా, ఏం చెయ్యాలె?"

"మళ్ల చేసి చూడు."

"స్విచాఫ్ వస్తుంది."

"తొమ్మిది నిమిషాలు చెల్లె."

"ఖయ్యూం ఎత్తడు. గీ యాళ్లకు డ్యూటీలుంటడు. పదకొండు."

"పదకొండు కాదవ్వా, తొమ్మిది నిమిషాలే..."

"నిమిషాలు కాదు. తారీఖు. పదకొండు అని కొట్టు కొడుకా."

"చిన్నమ్మా..."

"పదకొండు, శుక్రారం. పొద్దుగాల నమాజుకు లేచిన ఖయ్యూం చూసిండట. చెప్పద్దన్నడట గని లతీఫున్నీసా కడుపుల ఆగలే. గా దినమే పొయ్యి కాడ నా పక్కన కూసొని చెప్పింది."

"అవ్వా, నీకు... శుక్రారం నుంచే..."

"నీకు తెలిస్తే ఫారం ఇడిసిపెట్టి ఇంటికి ఉరికొస్తవని గీ గాజులు ఏసుకున్న బిడ్డా. కొట్టు కొడుకా, టైమైతుంది. ఇగ నా సంతకం ఒక్కటే గదా కావాలె, ఏడ పెట్టాల్నో చూపియ్యి."